పక్క పొలంవాడు కాలవ పూడ్చేస్తే: బెంగళూరు శివార్లలో నేల కొన్నవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టం నుంచి 79ఏ, 79బీ సెక్షన్లు ఎత్తేశాక వ్యవసాయం లేనివాళ్ళు కూడా ఇక్కడ పొలం కొనుక్కునే వీలు వచ్చింది. వైట్‌ఫీల్డ్‌లోనో సర్జాపురలోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్ళు చాలామంది హొసకోట, దేవనహళ్ళి, ఆనేకల్, మాలూరు వైపు అరెకరమో ఎకరమో కొని మామిడి మొక్కలు పెట్టుకున్నారు. కొనేముందు టైటిల్ చూపించుకున్నారు, ఈసీ (పాత లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశారు, బోరు పడుతుందా అని పదిమందిని అడిగారు. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ. అది రెండో ఏడో మూడో ఏడో తెలుస్తుంది. పక్కాయన గట్టు వెడల్పు చేసుకుంటూ కాలవలోకి మట్టి తోలతాడు, అక్టోబరు వానకు మీ మొక్కలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడతాయి.

ఈ తగాదాలో నా అభిప్రాయం ఒక్కటే. పూడ్చింది తప్పా ఒప్పా అనే వాదన పక్కన పెట్టి, ఆ కాలవ సర్కారుదా, పట్టాలో ఉన్నదా, అసలు కాలవే లేక వాలుకు పారే నీళ్ళా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏమడగాలి, ఎంత దూరం పట్టుబట్టాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఇది తేలకుండా పోలీస్ స్టేషనుకో లాయరు దగ్గరికో పరుగెత్తినవాళ్ళు డబ్బు పోగొట్టుకుని మళ్ళీ మొదటికే వస్తారు.

ముందు ఆ వాన సంగతి

నీళ్ళు నిలిచిన రోజున చేయకూడని పని జేసీబీని పిలవడం. పక్కవాడి వైపు మట్టిని ఒక్క బకెట్ తీసినా అతిక్రమణ కేసు మీ మీదే పడుతుంది, అప్పటిదాకా న్యాయం ఎంత మీ పక్కన ఉన్నా సరే. మీ హద్దు లోపలే ఒక గుంట తవ్వి, డీజిల్ పంపు పెట్టి రోడ్డు మోరీలోకి తోడించండి. మొక్క మొదలు చుట్టూ మట్టి ఎగదోయండి.

వాన పడుతుండగానే వీడియో తీయండి. ఎండాక తీసిన ఫొటోలో బురద తప్ప ఏమీ కనబడదు. నీళ్ళు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో నడుస్తూ, మధ్యలో ఆపకుండా తీయండి. తేదీ, టైము, లొకేషన్ పడే కెమెరా యాప్ వాడండి. గోడ మీదో తెంకాయ చెట్టు మీదో నీటి గుర్తు ఉంటే టేపు పెట్టి ఎత్తు కనబడేలా ఇంకో ఫొటో. ఆ రోజు ఎంత వాన పడిందన్న లెక్క కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం దగ్గర దొరుకుతుంది. వాళ్ళ వానమాపకాలు గ్రామ పంచాయతీ స్థాయి దాకా ఉన్నాయి. రేపు అవతలాయన "అది మామూలు వాన కాదు, ఎవురి పొలంలోనైనా నిలస్తుంది" అంటే ఈ లెక్క పనికొస్తుంది.

కాలవ ఎవరిది?

నాలుగు కాగితాలు కావాలి: మీ పహణి (పొలం వివరాల రికార్డు, ఆర్‌టీసీ), పక్కాయన పహణి, గ్రామ నక్ష (పటం), రెండు సర్వే నంబర్ల టిప్పణి (సర్వేలో కొలతలు రాసిన స్కెచ్). పహణి కర్ణాటక భూరికార్డుల సైటు 'భూమి'లో వస్తుంది, నక్షను రెవెన్యూ శాఖ సైటు నుంచి దించుకోవచ్చు. టిప్పణి, ఆకారబంద్ (సర్వే నంబరు విస్తీర్ణం, శిస్తు రాసిన రిజిస్టరు) కోసం తాలూకా ఆఫీసులో సర్వే విభాగానికి వెళ్ళాలి.

పహణిలో విస్తీర్ణం గడి దగ్గర ఆగండి. మొత్తం విస్తీర్ణం కింద కరాబు రెండు రకాలుగా రాసి ఉంటుంది. ఏ-కరాబు అంటే సాగుకు పనికిరాని నేల, అయినా పట్టాదారుదే. బీ-కరాబు అంటే దారి, హళ్ళ (వాగు), కాలవ, చెరువు లాంటి ప్రజల అవసరానికి ఉంచినది. అది పట్టాదారు సర్వే నంబరులోనే ఉన్నా అతనిది కాదు. పక్కాయన పహణిలో బీ-కరాబు రెండు గుంటలని ఉండి, నక్షలో అతని పొలం గుండా జంట గీత చెరువు దాకా వెళ్తుంటే మీ పని సగం అయినట్టే. కర్ణాటక భూరెవెన్యూ చట్టం, 1964, 67వ సెక్షన్ ప్రకారం వాగులు, నాలాలు, చెరువులు, కాలవలు, వేరేవాళ్ళ హక్కు రుజువైతే తప్ప, రాష్ట్ర ప్రభుత్వానివి. గుంట అంటే 33 అడుగుల గొలుసుకు చదరం, 1,089 చదరపు అడుగులు; నలభై గుంటలైతే ఎకరం. రెండు గుంటల కరాబును పది అడుగుల వెడల్పు కాలవగా లెక్కేస్తే రెండు వందల అడుగులకు పైన పొడుగు వస్తుంది. ఈ లెక్క వేసుకుని నేల మీద నడిచి చూడండి, చాలా విషయాలు అక్కడే తెలుస్తాయి.

కర్ణాటక సర్వే శాఖ దిశాంక్ యాప్‌లో నిలబడిన చోట సర్వే నంబరు కనబడుతుంది. ఎటు వెతకాలో తెలుసుకోవడానికి బాగుంటుంది, సాక్ష్యంగా చూపడానికి కాదు. హద్దు గీత కొన్ని అడుగులు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. కంప్యూటర్లో గూగుల్ ఎర్త్ పెట్టుకుని పాత ఏళ్ళ చిత్రాలు వెనక్కి జరిపి చూడండి. పూడ్చకముందు ఆ చోట పచ్చటి గీత లాగా చెట్లూ పొదలూ వరసగా కనబడితే, ఏ సంవత్సరం ఆ గీత మాయమైందో కూడా తెలుస్తుంది.

నక్షలో ఏమీ లేకపోతే రెండు దారులు మిగులుతాయి.

కాలవే లేకుండా వాలున పారే వాననీళ్ళయితే, 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్క నేల మీద వాడుక హక్కుల) చట్టం 7వ సెక్షన్ పై పొలంవాడి పక్షాన ఉంటుంది. పై నేల మీద సహజంగా పడిన నీళ్ళు సహజంగా కింది నేలలోకి పారడాన్ని కింది పొలంవాడు ఒప్పుకోవాలి. సహజంగా అన్నదే ఇక్కడ ప్రాణం. బోరు పొంగిన నీళ్ళు, పశువుల కొట్టం కడిగిన నీళ్ళు, సెప్టిక్ ట్యాంకు నీళ్ళు దీని కిందికి రావు.

మనిషి తవ్విన కాలవ, పక్కాయన పట్టాలో ఉంది, మీ నీళ్ళు దానిలోంచే పోతున్నాయి అంటే అదే చట్టం 15వ సెక్షన్. ఇరవై ఏళ్ళు బాహాటంగా, తగాదా లేకుండా, హక్కుగా, ఆగకుండా వాడుకుంటే అది హక్కు అవుతుంది. సర్కారు నేల మీద అయితే ముప్పై ఏళ్ళు. మీకు అమ్మినాయన వాడుకున్న కాలమూ ఇందులో కలుస్తుంది కాబట్టి ఆయనతో మాట పోగొట్టుకోకండి, వీలైతే ఆయన చేత అఫిడవిట్ రాయించుకోండి. ఒక మెలిక ఉంది: అనుమతితో వాడుకున్నది హక్కు కాదు. మంచిగా ఉందామని "ఇన్నాళ్ళూ మీ కాలవ వాడుకోనిచ్చారు, ఇంకొన్నాళ్ళు దయచేసి" అని వాట్సాప్ పెట్టారంటే మీ కేసు మీరే కొట్టేసుకున్నట్టు. ఇంకోటి, అడ్డు వేశారని తెలిసీ ఏడాది ఊరుకుంటే దానికి ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే మాటలు నడుస్తున్నా సరే, అభ్యంతరం తెలుపుతూ ఒక చిన్న ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. తిట్లు, బెదిరింపులు వద్దు. ఫలానా తేదీన ఫలానా చోట కాలవ పూడ్చారు, తెరవమని కోరుతున్నాను. అంతే.

మన వైపు కూడా చూసుకోవాలి

ఇది చాలామందికి నచ్చదు. పొలంలో కురిసిన వాన కొంత ఇంకుతుంది, కొంత నెమ్మదిగా జారుతుంది. అదే ఎకరం మీద పాలీహౌస్ వేశారనుకోండి, 50 మిల్లీమీటర్ల వానకు రెండు లక్షల లీటర్ల నీళ్ళు ఇంకే చోటు లేక ఒక్కసారిగా ఒకే మూల నుంచి దిగుతాయి. ఫార్మ్‌హౌస్ చుట్టూ కాంక్రీటు, నేల ఎత్తు చేయడానికి తోలిన మట్టి, రంధ్రాలు వదలని కాంపౌండ్ గోడ, అన్నీ ఇదే పని చేస్తాయి. 7వ సెక్షన్ మీకు ఇచ్చే రక్షణ మీరు పెంచిన నీళ్ళకు ఉండదు. "మీరొచ్చినాకే ఈ నీళ్ళు ఎక్కువైనాయి" అని అవతలాయన అంటే అందులో నిజం ఉండొచ్చు. మాటలకు కూర్చునే ముందే కప్పు నీళ్ళకు ఒక కుంట తవ్వించి ఉంటే మీ మాటకు బలం వస్తుంది, వేసవిలో ఆ నీళ్ళూ మీవే.

వాలు మీరే కొలుచుకోవచ్చు. మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవల్ పైపు చాలు. లోపల గాలి బుడగ ఒక్కటీ లేకుండా నీళ్ళు నింపి, రెండు చివర్లనూ ఒకే ఎత్తు ఉన్న రెండు కర్రలకు కట్టి, యాభై అడుగుల దూరంలో ఇద్దరు నిలబడండి. నీటి మట్టం ఒక కర్ర మీద ఎంత ఎక్కువో రెండో దాని మీద ఎంత తక్కువో రాసుకుంటూ కాలవ పొడుగునా పోండి. మట్టి కాలవకు వంద అడుగులకు మూడు నుంచి ఆరు అంగుళాల వాలుంటే నీళ్ళు సాఫీగా పోతాయి. అంతకన్నా మరీ తక్కువైతే పూడిక పడుతుంది, మరీ ఎక్కువైతే ఇక్కడి ఎర్రమట్టి కోసుకుపోతుంది. ఈ కొలతల్లో ఒక్కోసారి ఆశ్చర్యం ఎదురవుతుంది: నీళ్ళకు మీ పొలంలోంచే ఇంకో దిక్కున, రోడ్డు మోరీ వైపు వాలు ఉండొచ్చు. అప్పుడు తగాదా వదిలేసి మీ కాలవ మీరు తవ్వుకోవడమే చవక.

అవతలాయన ఎందుకు పూడ్చాడు?

మొండితనం అనుకుంటాం. చాలాసార్లు దాని వెనక లెక్క ఉంటుంది. ట్రాక్టరు తిరగడానికి చోటు చాలకపోవచ్చు. మూడడుగుల పట్టీ కూడా ఇప్పటి ధరల్లో లక్షలు. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకోటి, అది నోటితో చెప్పరు. బెంగళూరు ప్లానింగ్ పరిధిలో రాజకాలువకు (వాననీళ్ళు మోసే సర్కారు కాలవకు) రెండు వైపులా కట్టడాలు నిషేధం. 2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం కాలవ మధ్య నుంచి దాని తరగతిని బట్టి 50, 25, 15 మీటర్లు. 2016లో హరిత ట్రిబ్యునల్ ఆ దూరాలు పెంచితే, 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ పెంపును కొట్టేసింది. తన పొలంలో కాలవ ఉందని ఒప్పుకుంటే లేఅవుటువాళ్ళు ధర తగ్గిస్తారని అతని దిగులు. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, మహదేవపుర వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాక కాలవల ఆక్రమణల మీద జరిగిన రభస చూశాక ఆ దిగులు ఇంకా పెరిగింది. ఇది తెలిస్తే ఏం మాట్లాడాలో తెలుస్తుంది. "మీ కాలవ రికార్డు చేయిస్తా" అంటే తలుపు మూసుకుపోతుంది. "పైన మట్టి ఉండనీ, కింద పైపు వేసుకుందాం, ఖర్చు నాది" అంటే కుర్చీ వేస్తాడు. ఈ బేరం పట్టా కాలవలకే సుమా. బీ-కరాబు మీద పైపు వేసి మట్టి కప్పుకునే ఒప్పందం ఇద్దరు పట్టాదారులు చేసుకోలేరు.

మాట్లాడవలసింది ఎవరితోనో కూడా కనుక్కోండి. దున్నేవాడు గుత్తదారు కావొచ్చు, పహణిలో పేరు పెద్దన్నది కావొచ్చు, నిర్ణయం చెప్పేది ముసలమ్మ కావొచ్చు. ఫోన్లో వద్దు, వాన రోజున వద్దు. ఊళ్ళో ఇద్దరికీ కావలసిన పెద్దమనిషిని వెంట తీసుకెళ్ళండి. మీకు పొలం ఇప్పించిన బ్రోకరును మాత్రం తేకండి. హొసకోట, మాలూరు పల్లెల్లో చాలా ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు, అది మనకు పెద్ద సాయం. మన కోస్తా యాసకు వాళ్ళు నవ్వినా ఫర్వాలేదు.

కాగితాలు తీయకుండా ముందు నడవండి. ఒక మాట ఇలా సాగొచ్చు:

"ఏం సార్, మీరొచ్చినాకనే ఈ రచ్చ. మా నాయన కాలంలో ఈడ కాలవే లేదు."

"అట్లనా అన్నా. మరి అప్పుడు వాన నీళ్ళు యాడికి పోతా ఉండె?"

"యాడికేంది, అట్ల దిగి, ఆ కానుగ చెట్టు కింద పోయి చెరువులో కలుస్తా ఉండె."

కాలవ లేదన్న నోటే నీళ్ళ దారి చెప్పేసింది. అక్కడ "చూశారా, ఒప్పుకున్నారు" అనకండి. "అదే దారిలో ఇప్పుడెట్లా పంపుదాం అన్నా?" అని అడగండి. పక్కనున్న పెద్దమనిషి విన్నాడు, అది చాలు.

పైపుకు ఒప్పుకుంటే సైజు దగ్గర పిసినారితనం వద్దు. వ్యాసం రెట్టింపు చేస్తే పైపు మోసే నీళ్ళు దాదాపు ఆరు రెట్లవుతాయి. 300 మిల్లీమీటర్ల పైపులో ఒక తెంకాయ మట్ట అడ్డం పడితే చాలు, మళ్ళీ తగాదా మొదలు. 600 మిల్లీమీటర్ల హ్యూమ్ (సిమెంటు కాంక్రీటు) పైపు వేయండి. పైన ట్రాక్టరు, టిప్పరు తిరిగేటట్టయితే బరువు తట్టుకునే ఎన్‌పీ3 తరగతిది అడగండి. నీళ్ళు దిగే చోట ఇనుప జాలి, దాని ముందు మట్టి పేరుకోవడానికి రెండడుగుల గుంట.

రాసుకోవడం

నోటి మాట అతను పొలం అమ్మేదాకానే. వాడుక హక్కు ఇచ్చే పత్రం వంద రూపాయలకు మించిన స్థిరాస్తి హక్కు కిందికే వస్తుంది కాబట్టి, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించాలి. అప్పుడే అది ఈసీలో కనబడుతుంది, రేపు కొనేవాడు తనకు తెలియదని అనలేడు. ఉమ్మడి ఆస్తయితే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరి సంతకాలూ కావాలి. ఆడపిల్లల సంతకం వదిలేయడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. సర్వే నంబర్లు, వెడల్పు, లోతు, ఏ మూల నుంచి ఏ మూలకు అని స్కెచ్ జత చేయండి.

హద్దుబస్తు ఎప్పుడు?

కాలవ ఎవరి వైపుందన్న దానిలోనే గొడవైతే నాడకచేరిలో (హోబళి స్థాయి రెవెన్యూ ఆఫీసులో) హద్దుబస్తుకు, అంటే సర్కారు సర్వేయరు చేత హద్దులు కొలిపించడానికి, అర్జీ పెట్టాలి. సర్వేయరు చుట్టుపక్కల పట్టాదారులకు నోటీసిచ్చి, వచ్చి కొలిచి, హద్దులు చూపిస్తాడు. రాగి కోతలయ్యాక, జనవరి నుంచి ఏప్రిల్ లోపు పెట్టించుకోండి. పైరున్నప్పుడు గొలుసు సరిగా సాగదు, అవతలివాళ్ళు తొక్కనివ్వరు. ఆ రోజు మీరు తప్పక ఉండాలి. పక్కాయన సంతకం పెట్టనంటే ఆ సంగతి పంచనామాలో రాయించండి. కొలత మీద అభ్యంతరముంటే పైన ఏడీఎల్‌ఆర్ (భూరికార్డుల సహాయ డైరెక్టరు) ఉన్నాడు.

సర్కారు కాలవ అయితే

తహసీల్దారుకు అర్జీ, నకలు గ్రామ పంచాయతీ పీడీఓకు (పంచాయతీ అభివృద్ధి అధికారికి). చెరువుకు నీళ్ళు తెచ్చే కాలవైతే, నలభై హెక్టార్లకు పైన అచ్చుకట్టు (ఆయకట్టు) ఉన్న చెరువులు చిన్ననీటి పారుదల శాఖవి, అంతకన్నా చిన్నవి పంచాయతీరాజ్ సంస్థలవి. ఎవరిదో కనుక్కుని వాళ్ళకూ ఒక నకలు. అర్జీలో మీ మామిడి మొక్కల గోడు మూడో పేరాలో ఉండాలి. మొదటి పేరాలో సర్వే నంబరు, బీ-కరాబు గుంటలు, నక్ష, చెరువుకు నీళ్ళాగిన సంగతి. అధికారికి మీ నష్టం కన్నా సర్కారు నేల పోతోందన్నది కదిలించే మాట. సీలు వేసిన నకలు తీసుకోకుండా బయటికి రావద్దు. కదలకపోతే రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1902కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తర్వాత సమాచార హక్కు కింద అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారని అడగండి. అడిగిన తర్వాతే కొన్ని ఫైళ్ళు దొరుకుతాయి.

కొట్లాట దాకా వచ్చేలా ఉంటే అదే తహసీల్దారు తాలూకా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్ ప్రజల దారికో కాలవకో కట్టిన అడ్డు తీయించడానికి, 166వ సెక్షన్ నేలనో నీటినో వాడుకునే హక్కు మీద తగాదా శాంతిభంగం దాకా పోయేటప్పుడు ఆదేశమివ్వడానికి. పోలీసులు మామూలుగా "సివిల్ మ్యాటర్" అని పంపేస్తారు. మురుగు కాలవ అడ్డగించి నష్టం చేయడం, సాగునీళ్ళు తగ్గించడం న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 326వ సెక్షన్ కింద నేరాలే గానీ, ఆ దారి మొదటే తొక్కితే ఆ ఊళ్ళో మీతో మాట్లాడే మనిషి మిగలడు.

కోర్టుకు ముందు, కోర్టులో

తాలూకా న్యాయసేవల కమిటీ దగ్గర కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పెట్టుకోవచ్చు. రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పక్కాయన రాకపోతే పోయిందేమీ లేదు. తాలూకా కేంద్రం నుంచి వచ్చిన ఆ నోటీసు చూసే ఇంటికొచ్చి మాట్లాడేవాళ్ళూ ఉంటారు.

దావా తప్పదంటే రెండు అడగాలి: ఇకముందు అడ్డు పెట్టకుండా శాశ్వత ఇంజంక్షన్ (కోర్టు ఉత్తర్వు), పూడ్చింది తీయించే మాండేటరీ ఇంజంక్షన్. నిర్దిష్ట ఉపశమన చట్టంలో అవి 38, 39 సెక్షన్లు. దావాతోపాటే సీపీసీ (సివిల్ కోర్టుల విధివిధానాల చట్టం) 26వ ఆర్డరు 9వ రూలు కింద కమిషనరును వేయమని అర్జీ పెట్టించండి. కోర్టు కమిషనరు సర్వేయరుతో వచ్చి, మట్టి ఎక్కడ పోశారో, వాలు ఎటుందో రాసిచ్చే నివేదిక మీ పది ఫొటోల కన్నా బరువు తూగుతుంది. వీలైతే వానాకాలంలో, నీళ్ళు నిలిచి ఉండగానే కమిషనరు వచ్చేలా లాయరుతో గట్టిగా చెప్పండి. మార్చిలో వచ్చినాయనకు చూపించడానికి మీ దగ్గర పొడి నేల తప్ప ఏమీ ఉండదు. కేసు ఏళ్ళు పట్టొచ్చు. ఈలోగా రాజీ మాట వస్తే కోర్టులోనే రాజీ డిక్రీ తీసుకోండి, బయట చేతులు కలిపి కేసు వెనక్కి తీసుకోకండి.

రాజీ ఏ దారిన కుదిరినా పూడికతీత సంగతి అందులో రాయించండి. ఏటా మే నెలలో, మొదటి గాలివానలకు ముందు తీయాలి. ఎవరు తీయాలి, కూలి ఎవరిచ్చుకోవాలి, అందుకోసం మీ మనుషులు అతని పొలంలోకి అడుగుపెట్టొచ్చా, తీసిన మట్టి ఎవరి గట్టున పోయాలి. చివరిది చిన్న విషయంలా కనబడుతుంది గానీ ఆ ఎర్ర పూడిక మంచి ఎరువు మట్టి, అతని గట్టునే పోయిస్తానని రాసిస్తే వచ్చే మేలో మీకన్నా ముందు అతనే కూలీలను పిలుస్తాడు.